దిద్దడానికి తెరిచిన ఫైలు

హనుమకొండ,
12-3-1987

మామయ్యకు వందనాలు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గేటు దగ్గర మీరు, "జర నా పుట్టిన తారీఖు సరిచెయ్యి బిడ్డా, కంప్యూటర్ నీ చేతులనే ఉన్నది గద" అన్నారు. నా చేతుల్లో లేదు మామయ్యా. మా కంప్యూటర్ సెంటర్లో ఏ ఆఫీసు ఫైలు ఎవరు తెరిచారు, చదవడానికా, దిద్దడానికా అని గంటకోసారి తెర మీద చూసి రిజిస్టర్లో రాయడమే నా పని. దిద్దే అనుమతి నాకు లేదు.

కానీ మీ దగ్గర దాచలేను. మంగళవారం మా సారు మీ ఆఫీసు ఉద్యోగుల ఫైలును దిద్దడానికి తెరిచి, అలాగే వదిలేసి భోజనానికి వెళ్లారు. నేను ఆయన కుర్చీలో కూర్చున్నాను. మీ పేరు దొరికింది. బడిలో వయసు రెండేళ్లు ఎక్కువ వేసి రాసిన తారీఖే అక్కడా ఉంది. దానివల్లే ఈ నెలాఖరుకు మిమ్మల్ని రిటైర్ చేస్తున్నారని తెలిసినా వేలు కదల్లేదు. దొంగచాటుగా దిద్దితే మీ నిజమైన తారీఖు కూడా దొంగదే అవుతుందనిపించింది. ఫైలు మూసి, తెరిచి ఉండిందని రిజిస్టర్లో రాశాను. నేను కూర్చున్నట్టు మాత్రం రాయలేదు.

తాతయ్య బైబిలు మొదటి పేజీలో మీ అసలు తారీఖు ఉంది. అందులో మన పుట్టుకలన్నీ ఆయనే రాశాడు. మనల్ని చదవనిచ్చేవాడు, కలం పెట్టనిచ్చేవాడు కాదు. ఆ బైబిలు, ఒక దరఖాస్తు పట్టుకుని సారు దగ్గరికి రండి. నేను పక్కనే ఉంటాను.

తాతయ్య పోయి ఆరేళ్లయినా, ఆయన పోయిన తారీఖు ఆ పేజీలో ఎవరూ రాయలేదు. ఇప్పుడు ఇంటికి పెద్ద మీరే. వచ్చే ముందు అది రాయండి.

మీ మేనకోడలు