శోకంలో నా పేరు

దేవరకొండ, మంగళవారం

పాట ఒక్కటేనా, లేక పాడిన ప్రతిసారీ వేరే పాట అవుతదా? జానపద పాటల డేటాబేస్ పని పట్టినప్పటి నుంచి ఇదే ఆలోచన.

ఎల్లమ్మవ్వ తన కొడుకు శవం మీద పడి పాడిన శోకం పాట రికార్డింగు మా దగ్గరుంది. దాంట్ల డప్పుల మోత ఎక్కువుందని ఇయ్యాల స్టూడియోల మళ్ల పాడించినం.

"శోకానికి సచ్చినోళ్ల పేరు గావాలె. ఇప్పుడెవలు సచ్చిన్రు?" అన్నది అవ్వ.

"ఏదో ఒక పేరు పెట్టవ్వా," అని నవ్విండు మా సారు.

"గట్లనా? అయితే గీ బిడ్డ పేరు పెడ్త," అని నా దిక్కు సూసింది.

నేను వద్దనలేకపోయిన. కంట్ల సుక్క నీళ్లు లేకుండ, నా పేరు పిలుసుకుంట సక్కగ పాడింది. "మస్తు క్లీన్‌గ వచ్చింది," అని సారు సంబురపడ్డడు.

పొద్దున ఎంట్రీ చెయ్యాలె. కొడుకు పాటకు ఇది రెండో రికార్డింగా, నా సావుకు పాడిన వేరే పాటనా? తేల్చుకోలేకపోతున్న.