సెలవు రద్దు కాగితం ఇవ్వకండి

ఏమండీ, నేను కులాసా. పోయిన కవరులో పెట్టిన సెలవు రద్దు కాగితం మా కాలేజీలో ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే ప్రిన్సిపాల్ గారిని బతిమాలైనా వెనక్కి తీసుకోండి. ఈ వయసులో పరాయి దేశంలో చదువు నా వల్ల కాదు, వచ్చేసి మళ్లీ పాఠాలు చెప్పుకుంటానని రాశాను కదా, ఆ మాట మార్చుకున్నాను.

శని, ఆదివారాలు ఇక్కడ మా క్లాసులోని మన భాష పిల్లలు పదిమందితో బస్సులో పక్క దేశం వెళ్లొచ్చాను. సరిహద్దు దగ్గర దిగగానే ఎందుకో అనుమానం వచ్చి అందరి వీసాలూ చూపించమన్నాను. "మొదలెట్టారండీ పిన్నిగారు! క్లాసులో అనుమానాలతో ప్రొఫెసర్ని చంపుకు తింటున్నది చాలదా?" అని ఒకటే నవ్వులు. తీరా చూస్తే నా గదిలో ఉండే పిల్ల వీసా ఈ దేశంలోకి ఒక్కసారి రావడానికే ఇచ్చింది. గేటు దాటితే మళ్లీ లోపలికి రానివ్వరు, చదువు అక్కడితో సరి. ఆఫీసరు కూడా అదే చెప్పాడు. పిల్ల బిక్కచచ్చిపోయింది. తిరుగు బస్సెక్కిస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "మీ అనుమానం చల్లగుండ, పిన్నీ!" అంది. ఇక ఆ రెండు రోజులూ టికెట్లు, రైళ్ల వేళలు అన్నీ నన్నే చూడమన్నారు.

నా అనుమానాలేమీ తగ్గలేదు. వాటితోనే పరీక్షలు రాస్తాను. బీరువా పై అరలో ఉన్న నా పాత స్టాటిస్టిక్స్ నోట్సు పంపండి. అత్తయ్యగారి కంటి ఆపరేషన్ ఎప్పుడు పెట్టారు? వారికి నా నమస్కారాలు. అమ్మ వచ్చేస్తోందని చిన్నదానికి మీరు చెప్పేసి ఉంటే, రావడం లేదని మాత్రం మీరు చెప్పకండి. ఆ మాట నేనే రాస్తాను. అంతవరకు దానికి నా ముద్దులు.