అక్క పట్టిన ఒక్కపొద్దు

ఎమ్మిగనూరు, 1957 శ్రావణం

ప్రియమైన తమ్ముడు బజారికి,

నీ అక్క తిప్పమ్మ పక్కింటి జయన్నతో రాయించేది. నీ కడుపునొప్పి సంగతి విన్నప్పటినుంచి మగ్గం కాడ చెయ్యాడడంలేదు. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నా. ఈ శ్రావణమంతా నువ్వు ఒక్కపొద్దుండాల. మాపటికి ఒక్కసారే తిను. స్వామి సల్లగా సూస్తాడు. మాట దాటొద్దు.

నీ మీదే పానం పెట్టుకున్న అక్క

ఆదోని

ప్రియమైన అక్కా,

నీ మాట దాటలేదు. పగలంతా నీళ్లే. కడుపులో నిప్పులు పోసినట్లుంటాది. మంట లేసినప్పుడల్లా సోడాఉప్పు కలుపుకొని తాగుతాండా. తేపొస్తాది, హాయిగుంటాది, కాసేపటికే మళ్లా రెట్టింపు మంట. నిన్న మిల్లులో పత్తి బేలు ఎత్తుతా ఎత్తుతానే కూలబడినా.

ఆస్పత్రికి మోసుకపోయినారు. సున్నం మాదిరి నీళ్లు తాగించి కడుపు ఫోటో తీసినారు. లోపల పులుపు ఎక్కువ ఊరి పుండు పడిందంట. డాక్టరు తెల్లపొడి ఇచ్చినాడు. గంటగంటకూ పాలు తాగాలంట, మధ్యమధ్యలో పొడి మింగాలంట. సోడాఉప్పు వద్దే వద్దన్నాడు. వినకుంటే కడుపు కొయ్యాల్సిందే, ఆమీద బేళ్లెత్తే పని మరచిపోవాల్సిందే అన్నాడు. ఆ పని పోతే నేనెట్ల బతకాల అక్కా?

పాలు తాగితే ఒక్కపొద్దు చెడతాది. సోడాఉప్పుకైతే చెడదు. అందుకే పాలు ముట్టలేదు, పొడి డబ్బీ మూతా తీయలేదు. ఏం జేయాలో నువ్వే సెప్పు.

నీ మాటకోసం కాసుకున్న బజారి

ఎమ్మిగనూరు

ఒరే నా పిచ్చినాయనా!

జయన్న రాస్తాండాడని తిట్లు తగ్గిస్తాండా. ఆ సోడాఉప్పు పొట్లం మోరీలో పారెయ్! బస్సెక్కి ఉరుకుందకు పోయి పూజారప్పనే అడిగినా. "మొక్కుకున్నదేమో నువ్వు, పస్తులేమో మీ తమ్మునికా? పుండున్నోన్ని మాడ్సమని స్వామి అడిగినాడా అమ్మా?" అని నవ్వినాడు. సిగ్గుతో సచ్చినా. చెంపలేసుకొని ఆ ఒక్కపొద్దు నేను పట్టినా. నీకు మానేదాకా అది నాది. నువ్వు పాలు తాగు, పొడి మింగు. మిరపకాయ తొక్కు ముట్టినావని తెలిసిందో, ఆదోనికొచ్చి తంతా.

నీ కోపిష్టి అక్క

ఆదోని, వినాయకచవితి అయినాక

ప్రియమైన అక్కా,

ఈ జాబు జయన్నను వీధంతా వినేట్లు సదవమను. మానింది! పుండు మానిందక్కా! మళ్లా ఫోటో తీసినారు. డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి సూసి, "ఇంత బాగా పథ్యం పెట్టిందెవరప్పా?" అన్నాడు. "మా అక్క, తాను తినకుండా పెట్టింది" అన్నా. ఆయనకు అర్థమే కాలేదు.

కోత లేదు. పొడి ఇంకొన్నాళ్లు మింగాల. మెల్లగా పనిలోకి పోవచ్చంట. నేను గేటులో అడుగుపెట్టంగానే మిల్లులోళ్లంతా ఈలలేసినారు.

సోమవారం ఉరుకుందకు వస్తాండా, నువ్వూ రా. జొన్నరొట్టె, బెల్లం కట్టుకొస్తా. ఇంక నీ ఒక్కపొద్దు సాలు. గుడిముందర నా చేత్తో తినిపిస్తా. ఆకలి లేదని మొండికేస్తే ఊరుకోను, నేను మళ్లా బేళ్లెత్తేవాణ్ణి.

గంటగంటకూ పాలుతాగే నీ పసిబిడ్డ, బజారి