మొదటి సీసా పద్ధతి

సుజాతక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం బాపట్లలో నీ సమాధిదాకా కూడా రాదు.

మన తెనాలి స్కాన్ సెంటర్‌లో ఇవాళ, పేషెంట్లకి స్కాన్ ముందు ఎక్కించే రేడియోధార్మిక మందు తయారయ్యే జనరేటర్‌కి నేనే ఒక వడపోత గొట్టం బిగించి మందు తీశాను. సీసం డబ్బాలో పెట్టి కొలిస్తే రేడియోధార్మిక మలినం బాగా తగ్గింది. డాక్టరుగారు చూసి, "సుజాతమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో!" అన్నారు. కష్టం నాది, తలుచుకునేది నిన్ను. ఒళ్లు మండింది.

అంతలో రేపల్లె నుంచి కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. "కొత్త జనరేటర్ రాగానే మొదటి సీసా పేషెంటుకివ్వకుండా పక్కన పెట్టేస్తారేంటండి?"

"మలినం ఎక్కువ దిగేది అందులోనేనమ్మా," అని, ఈ పద్ధతి పెట్టిన రోజు నువ్వు నాకు నేర్పిన మాటే చెప్పాను.

"ఈ పద్ధతి ఎవరు పెట్టారండి?"

"నేనే," అన్నాను.

ఆ పిల్ల నోట్‌బుక్కులో నా పేరు రాసుకుంది. మధ్యాహ్నం ముద్ద దిగలేదక్కా.