చేతికి ఎదురు తిరిగే స్టీరింగ్

ఏవండీ,

మీ గేమ్ స్టీరింగ్ గురించి షాపులో అడిగొచ్చాను. మరీ చవకది వద్దు, అది ఊరికే వణుకుతుందట. లోపల గేర్లున్నది తీసుకోండి. కాస్త గరగరమన్నా, మలుపుల్లో నిజం కారులాగే చేతికి ఎదురు తిరుగుతుంది. ధర కూడా మనకి అందేదే. డైనింగ్ టేబుల్‌కి మాత్రం బిగించకండి, అంచు లేచిపోతుంది.

నిన్న ఆన్‌లైన్ కారు ఆటలో ముక్కూమొహం తెలియని ఎవరికో "పర్లేదు బ్రదర్, కంగారుపడకు, మళ్లీ తిప్పు" అంటూ గంటసేపు నేర్పారు. విన్నాను. నాకు కారు నేర్పమంటే మొదటి మలుపు దగ్గరే "నీ వల్ల కాదు, దిగు" అన్నారు. దిగాను. వెళ్లి డ్రైవింగ్ స్కూల్లో చేరాను. మీరు అడగలేదు, నేను చెప్పలేదు. మొన్న లైసెన్సు వచ్చింది.

కారు తీసుకెళ్తున్నాను.

తా.క. మీ ఆఫీసు బస్సు వీధి చివర ఆగుతుంది.