గోలలో ఊపిన తల

పిరోత్, ఫిబ్రవరి 2

నా బంగారు స్మిల్యా,

ఎదురుగా చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేదాన్ని. ఇరవై రెండేళ్ళు పోస్టాఫీసులో ముద్రలు కొట్టినదాన్ని, కాగితం మీదయితేనే నాకు నోరు పెగులుతుంది.

మీ ఇంటి దేవుడి పండగనాడు బల్ల చుట్టూ పద్నాలుగు మందిమి. మీ బావగారి అకార్డియన్ ఒకపక్క, చెంచాల మోత ఒకపక్క. నువ్వు నా వైపు వంగి ఏదో అడిగావు. తల ఊపాను. నువ్వు లేచి నన్ను మూడుసార్లు ముద్దు పెట్టుకున్నావు, తర్వాత అందరూ వరసకట్టారు. ఎందుకో తెలియకుండానే నేనూ ముద్దులు పెట్టాను. ఇంటికెళ్ళాక మా అక్క చెప్పింది, నీకు పుట్టబోయే బిడ్డకు జ్ఞానమాతగా, కూమాగా ఒప్పుకున్నానట.

నాకు ఒక్క మాటా వినపడలేదే. చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టి ఏడాదిన్నర. నిశ్శబ్దంగా ఉన్న గదిలో గడియారం కూడా వినిపిస్తుంది. నలుగురు ఒకేసారి మాట్లాడితే మాత్రం అంతా కలిసి జావయిపోతుంది. మళ్ళీ చెప్పమంటే జనం మొహాలు మారతాయి, అందుకని తల ఊపేస్తాను. మొన్న మాంసం కొట్లో అలాగే ఊపి రెండు కిలోల పేగులు మోసుకొచ్చాను.

కూమాగా పిలిస్తే మన దగ్గర ఎవరూ కాదనరు, తెలుసు. కానీ బాప్తిస్మమప్పుడు గుడిలో ఫాదర్ మూడుసార్లు అడుగుతారు, సైతానును వదులుతున్నావా అని. బిడ్డ తరఫున జవాబు చెప్పాల్సింది నేను. నిష్ పట్నం ఆసుపత్రిలో ప్రతి గురువారం హోటలు రొద రికార్డు పెట్టి, దాని మీద వాక్యాలు చదివి నాతో తిరిగి చెప్పిస్తున్నారు. మొదట్లో పదికి మూడు, ఇప్పుడు ఆరు. ఆరుతో నీ బిడ్డకు అన్యాయం చెయ్యలేను. ఇంకెవరినైనా చూసుకో. సిగ్గుగా ఉంది.

నెవెంకా


ఫిబ్రవరి 9

ఒసే మొండి నెవెంకా,

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. మా పెద్దాడప్పుడు అడిగితే చెవుల వంక పెట్టి తప్పించుకున్నావు. ఈసారీ అదే పాట పాడతావని తెలుసు. అందుకే ఆ గోలలో నేనడిగింది, "ఇంకో రెండు క్యాబేజీ సార్మాలు వెయ్యనా?" అని. నువ్వు తల ఊపావు. నేను లేచి, "నెవెంకా కూమాగా ఒప్పుకుంది" అని అందరికీ చెప్పాను. మోసమే. "చెవిటి కూమా ఏం చేస్తుందే?" అంది మా అత్త. "వినపడేవాళ్ళు ఏం చేశారు?" అన్నాను.

కాబట్టి నువ్వు దేనికీ కట్టుబడి లేవు. కాగితం మీద గోల ఉండదు, ఇప్పుడు అడుగుతున్నాను. నా బిడ్డకు కూమాగా ఉంటావా? ఇష్టం లేకపోతే లేదని రాయి. తల మాత్రం ఊపకు.

స్మిల్యా


మే 9

కూమా,

ఇక నేను నీకెలాగో నువ్వూ నాకు కూమావే. పురుడై నలభై రోజులు నిండలేదని నిన్ను గుడిలోకి రానివ్వలేదు. లోపల జరిగింది మీ అత్తగారి నోటి నుంచి వినేముందు నా దగ్గర విను.

ఆసుపత్రి వాళ్ళు చిన్న మైకు ఇచ్చారు. మాట్లాడేవాళ్ళ బట్టలకు తగిలిస్తే మాట తిన్నగా నా చెవిలో పడుతుంది. భయపడుతూనే సవా ఫాదర్‌కి చూపించాను. "ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నాను. వినాలని మైకు మోసుకొచ్చింది నువ్వొక్కదానివే, తగిలించు" అన్నారు.

మొదటిసారి అడిగారు, వినపడింది, చెప్పాను. రెండోసారీ అంతే. మూడోసారికి నీ కొడుకు నా చేతుల్లో గుక్కపట్టాడు, పైగా ఫాదర్ గడ్డం మైకు మీద పడి గరగరమంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. జవాబు నాకు తెలుసు, ముందు రెండుసార్లు చెప్పిందే. మీ అత్తగారు నన్నే చూస్తోంది. తల అప్పటికే సగం ఊపాను. ఆపేశాను.

"ఫాదర్, నాకు వినపడలేదు. మళ్ళీ అడగండి" అన్నాను, గుడంతా వినేలా.

ఆయన గడ్డం పక్కకు తీసుకుని మళ్ళీ అడిగారు. వదులుతున్నాను అన్నాను.

ఇంకొక్క మాట. ఆ రోజు అంత తల ఊపించుకుని సార్మాలు వెయ్యనే లేదు నువ్వు. ఆదివారం వస్తున్నాను. నోటితోనే అడుగుతాను.

నీ కూమా,
నెవెంకా