గ్యాస్ బిల్లు పెరిగిన పూట

ఏవండీ,

మీరు చనిపోయిన ఏడాదికి, ఈ ఉత్తరం మీకు చేరదని తెలిసే రాస్తున్నా.

పొద్దున గ్యాస్ బండ వచ్చింది. ధర పెంచారట, నందిగామలో మనింటికి ఇంత బిల్లు ఎప్పుడూ రాలేదు. మన అబ్బాయి అది చూసి, "నెల తిరక్కుండానే బండ ఖాళీ చేస్తావా" అంటూ కోడల్ని కొట్టాడు. పెదవి చిట్లి రక్తం కారింది. మళ్ళీ చెయ్యెత్తేసరికి అప్పడాల కర్రతో ఆ చేతి మీదే బలంగా కొట్టా.

"నాన్న నిన్ను కొడితే ఊరుకున్నావుగా" అన్నాడు.

"ఆయనంటే భయంరా. నిన్ను కన్నది నేను. నీకెందుకు భయపడతా?"

కోడల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళా. కుట్లు వేస్తూ డాక్టరమ్మ ఏమైందని అడిగితే, తలుపు తగిలిందంది ఆ పిల్ల.

"కాదండి, మా అబ్బాయి కొట్టాడు" అని నేనే చెప్పా. నా గొంతు వణకలేదండీ.